కుటుంబంతో స్టేడియానికెళ్లి ఫుట్‌బాల్ చూడటం ఖర్చుకు తగ్గ వినోదమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటిల్లిపాదీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్దామనుకునేవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. డబ్బు దండగవుతుందా, పిల్లలు కుదురుగా కూర్చుంటారా, టీవీలో చూస్తే సరిపోదా? ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అంతా మ్యాచ్ ఎంపికలోనే ఉంది. ఏడాదికొకసారి పెద్ద క్లబ్ ఆడే పెద్ద మ్యాచ్‌కే వెళ్తామంటే ఇది చాలా ఖరీదైన వినోదం. కింది లీగ్‌లోనో, మహిళల లీగ్‌లోనో ఒక జట్టును మనది అనుకుని తరచూ వెళ్తే మాత్రం ఇంతకంటే గిట్టుబాటయ్యేది నాకు కనిపించలేదు.

## లెక్కలు వేసుకునేటప్పుడు

నలుగురం మ్యాచ్‌కెళ్లే డబ్బుతో రెండు మూడు సినిమాలు చూడొచ్చు. మరి ఫుట్‌బాల్ ఎందుకు?

అగ్రశ్రేణి లీగ్ టికెట్లతో పోలిస్తే మీ లెక్క నిజమే, కాదనను. కానీ సినిమా టికెట్ల ధరల్లో తేడా కొంచెమే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో పై లీగ్‌కీ కింది లీగ్‌కీ మధ్య కొన్ని రెట్ల తేడా ఉంటుంది. కాబట్టి "ఫుట్‌బాల్ ఖరీదా?" అని అడిగే ముందు "ఏ ఫుట్‌బాల్?" అని అడగాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. సినిమా ముగింపు ఎప్పుడో తీసేశారు. మ్యాచ్ ముగింపు మీ కళ్ల ముందే తయారవుతుంది. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా తన మొదటి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా చేతిలో 2-1 తేడాతో ఓడిపోయింది, చివరికి కప్పు గెలిచింది కూడా ఆ అర్జెంటీనాయే. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లకు ఏం చూడబోతున్నారో లోపలికి అడుగుపెట్టేటప్పుడు తెలియదు. టికెట్ డబ్బులో పెద్ద వాటా ఈ ఉత్కంఠకే పోతుంది. ఉత్కంఠంటే టెన్షన్ తప్ప ఆనందం కాదనుకునే ఇంట్లో ఆ డబ్బు సినిమాకే పెట్టడం మేలు.

మొత్తం ఖర్చు ఎలా లెక్కేయాలి?

టికెట్ మీద రాసిన ధరతో మొదలుపెట్టి, దానికి బుకింగ్ ఫీజు, రానుపోను ఖర్చు, పార్కింగ్, లోపల తినే తిండి, పిల్లలు అడిగే స్కార్ఫో జెర్సీయో కలపండి. పెద్ద క్లబ్బుల విషయంలో ఇంకో పద్దు ఉంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. అదే సభ్యత్వ రుసుము. ముందు సభ్యత్వం తీసుకుంటే తప్ప టికెట్ల అమ్మకంలో పాల్గొననివ్వరు. ఆ రుసుము కట్టినా టికెట్ దొరుకుతుందన్న హామీ ఉండదు, ప్రయత్నించే హక్కు మాత్రమే వస్తుంది. ఏడాదికి ఒకే మ్యాచ్ చూసే కుటుంబమైతే ఆ రుసుమంతా ఆ ఒక్క మ్యాచ్ ఖాతాలోనే రాసుకోవాలి.

మొత్తం వచ్చాక దాన్ని మనుషుల సంఖ్యతో భాగించండి. గంటలతో కూడా భాగించాలని కొందరంటారు. నేనైతే గంటల లెక్కను అంతగా నమ్మను. గంటలే కొలమానమైతే పార్కులో బెంచీ మీద కూర్చోవడం అన్నిటికంటే గొప్ప వినోదం కావాలి. దానికి బదులు, వారం తర్వాత కూడా పిల్లలు దాని గురించి మాట్లాడుతున్నారా అన్నది చూడండి. సినిమాకైనా థీమ్ పార్కుకైనా ఇదే లెక్క వేయండి. ఫుట్‌బాల్‌కి పార్కింగుతో సహా అన్నీ కలిపి, సినిమాకి టికెట్ ధర ఒక్కటే చూస్తే ఆ పోలికకు అర్థం లేదు.

థీమ్ పార్కుకెళ్తే రోజంతా గడుస్తుంది. ఇక్కడ 90 నిమిషాలే కదా?

ఒక్కో సగం 45 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం, చివర ఆట ఆగినందుకు రిఫరీ కలిపే నిమిషాలు, గంట ముందు చేరుకుంటే ఆటగాళ్ల వార్మప్. మొత్తం మీద స్టేడియంలో మూడు గంటలు గడుస్తాయి. అందులో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 55 నుంచి 60 నిమిషాలే. మిగతాదంతా త్రో-ఇన్‌లు, ఫ్రీకిక్‌లు, దెబ్బ తగిలి పడిపోవడాలు. అది తక్కువ అనిపిస్తే థీమ్ పార్కులో క్యూలో నిలబడిన సమయాన్ని కూడా తీసేసి చూడండి.

చిన్నపిల్లలతో ఒకే ఒక్క రోజు సరదాగా గడపాలంటే థీమ్ పార్కే మేలు. పదే పదే వెళ్లాలనుకున్నప్పుడు ఫుట్‌బాల్ ముందుకొస్తుంది. పార్కులో అయిదోసారి కూడా అదే రైడ్ ఎక్కుతారు. అయిదో మ్యాచ్ నాలుగో మ్యాచ్‌లా ఉండదు.

టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది, రీప్లేలు కూడా ఉంటాయి. స్టేడియం దేనికి?

టీవీ మీకు బంతిని చూపిస్తుంది. స్టేడియంలో మైదానం మొత్తం కనిపిస్తుంది. బంతి ఒక మూల ఉన్నప్పుడు రెండో మూల వింగర్ (అంచు వెంబడి ఆడే ఆటగాడు) నెమ్మదిగా ఖాళీలోకి జారుకోవడం, నలుగురు డిఫెండర్లు ఒకేసారి ముందుకు జరగడం, గోల్‌కీపర్ గొంతు చించుకుని తన వాళ్లను సర్దడం కెమెరాకు చిక్కవు. ఆట నేర్చుకుంటున్న పిల్లలకు ఇది వంద రీప్లేల కంటే విలువైన పాఠం. మా ఇంట్లో పిల్లలు బంతి వెంట గుంపుగా పరిగెత్తడం మానేసింది స్టేడియంలో ఆట చూడటం మొదలుపెట్టాకే.

టీవీకి ఉన్న సౌకర్యాన్ని తక్కువ చేయను. వీఏఆర్ తనిఖీ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూడటం) జరుగుతున్నప్పుడు టీవీ ముందున్నవాళ్లకే విషయం ముందు తెలుస్తుంది. స్టేడియంలోవాళ్లు అయోమయంగా నిలబడతారు. 2023 మహిళల ప్రపంచకప్‌లో రిఫరీయే మైకులో నిర్ణయం ప్రకటించే పద్ధతి వచ్చాక కొన్ని పోటీల్లో ఆ ఇబ్బంది తగ్గింది. ఖర్చు మాటకొస్తే, ఒక్కో పోటీ ఒక్కో ఛానెల్‌లో వచ్చే చోట చందాలన్నీ కలిపితే టీవీ కూడా చౌకేం కాదు. ఏడాది చందాల మొత్తాన్ని కింది లీగ్ టికెట్ల ధరతో ఒకసారి పోల్చి చూడండి.

ఒక్క గోల్ కూడా పడకపోతే డబ్బులు పోయినట్టేనా?

0-0 మ్యాచ్ పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌ల్లో 172 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచ్‌కి సగటున మూడుకు కాస్త తక్కువ. అయినా 7 మ్యాచ్‌ల్లో అదనపు సమయంతో సహా ఒక్క గోల్ కూడా పడలేదు. ఆ ఏడింటిలో ఒకటి మొరాకో-స్పెయిన్ మ్యాచ్. పెనాల్టీ షూటౌట్‌లో మొరాకో గెలిచిన ఆ రాత్రి డబ్బు వృథా అయిందని మొరాకో అభిమాని ఒక్కరైనా అనుకుని ఉంటారా?

గోల్ అరుదు కాబట్టే దానికంత విలువ. అయితే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లాలి. గోల్స్ వరదలా పారతాయని ఆశపెడితే నిరాశ తప్పదు.

## మ్యాచ్ ఎంచుకునేటప్పుడు

మొదటిసారి కాబట్టి పెద్ద క్లబ్ మ్యాచ్‌కే తీసుకెళ్లాలా? చిన్న లీగ్ బోర్ కొట్టదా?

మొదటిసారికి చిన్న లీగే సరైనదని గట్టిగా నమ్ముతాను. పెద్ద స్టేడియంలో మీకు అందుబాటు ధరకు దొరికేది ఎక్కడో పై అంతస్తు. ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. చిన్న మైదానంలో కంచె పక్కనే నిలబడొచ్చు. ఇద్దరు ఆటగాళ్లు ఢీకొన్న చప్పుడు, కోచ్ తిట్లు, బంతిని తన్నిన శబ్దం అన్నీ వినిపిస్తాయి. చాలా చిన్న క్లబ్బుల్లో పిల్లలకు టికెట్ నామమాత్రం, లేదంటే ఉచితం. పిల్లాడు విసుగెత్తి విరామంలో ఇంటికెళ్దామన్నా మనసు పెద్దగా బాధపడదు.

ఆట నాణ్యత తక్కువే. పాసులు తప్పుతాయి, షాట్లు ఆకాశంలోకి పోతాయి. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు కావలసింది కచ్చితమైన పాసు కాదు, దగ్గరగా జరిగే గొడవంతా. తారల్ని చూడాలన్న కోరిక పిల్లలకుంటే అప్పుడప్పుడూ పెద్ద మ్యాచ్‌కి వెళ్లండి, దాన్ని పండగలా జరుపుకోండి. మామూలు అలవాటు మాత్రం చిన్న క్లబ్‌తోనే పెట్టుకోండి.

మహిళల మ్యాచ్‌లకు తీసుకెళ్తే అసలు మ్యాచ్ చూసినట్టేనా?

అదీ అసలు మ్యాచే. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా-వోల్ఫ్స్‌బర్గ్ మహిళల ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కి బార్సిలోనా సొంత స్టేడియం క్యాంప్ నౌలో 91,648 మంది కూర్చున్నారు. అదే ఏడాది జులైలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్, జర్మనీ ఆడిన మహిళల యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్‌కి 87,192 మంది వచ్చారు. అది పురుషుల, మహిళల యూరో తుది పోటీల మ్యాచ్‌లన్నిటిలోనూ అప్పటికి అత్యధిక హాజరు.

కుటుంబాలకు మామూలు లీగ్ మ్యాచ్‌లు మరింత అనువైనవి. టికెట్ల ధరలు చాలా తక్కువ, జనంలో పిల్లలు ఎక్కువ, వాతావరణం స్నేహంగా ఉంటుంది. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు కంచె దగ్గరికొచ్చి పిల్లలతో మాట్లాడటం చాలాచోట్ల చూడొచ్చు. డబ్బుకు విలువ అన్న ఒక్క ప్రశ్నే అడిగితే నా మొదటి సమాధానం మహిళల లీగే.

జర్మనీలో టికెట్లు చౌక అంటారు, ఇంగ్లండ్‌లో మండిపోతాయంటారు. ఎందుకంత తేడా?

ముఖ్య కారణం క్లబ్ ఎవరి చేతిలో ఉందన్నది. జర్మనీలో "50+1" అనే నియమం ఉంది. కొద్ది మినహాయింపులు తప్ప, ఓటింగ్ హక్కుల్లో మెజారిటీ క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలి. ధర పెంచితే ఆ సభ్యులకే జవాబు చెప్పుకోవాలి. రెండోది, నిలబడి చూసే స్టాండ్లు. డార్ట్‌మండ్ క్లబ్ స్టేడియం దక్షిణ స్టాండ్‌లో దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు. ఆ టికెట్ కూర్చునే టికెట్ కంటే బాగా తక్కువ. చాలా క్లబ్బుల్లో మ్యాచ్ టికెట్ చూపిస్తే ఆ రోజు బస్సు, రైలు ప్రయాణం కూడా అందులోనే కలిసి ఉంటుంది. కుటుంబ ఖర్చులో అది చిన్న సాయం కాదు.

ఇంగ్లండ్ కథ వేరు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత వచ్చిన టేలర్ నివేదికతో (ఆ దుర్ఘటనపై జరిగిన అధికారిక విచారణ నివేదిక) పై రెండు డివిజన్లలో స్టేడియాలన్నీ పూర్తిగా కుర్చీలతో నిండాయి. భద్రత పెరిగింది, ఈరోజు పిల్లలతో ధైర్యంగా వెళ్లగలుగుతున్నామంటే అందులో ఆ మార్పుకు పెద్ద పాత్ర ఉంది. చౌకగా నిలబడి చూసే చోటు మాత్రం పోయింది. 2022లో అనుమతితో కొన్నిచోట్ల అది తిరిగొచ్చింది. ధరలు పెరగడానికి టీవీ డబ్బు, ప్రపంచవ్యాప్త గిరాకీ, కొత్త యజమానులు కూడా కారణాలే. అక్కడి అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్‌లో ఒక్క ఊరట ఏమిటంటే 2016-17 నుంచి అవతలి ఊరి అభిమానుల టికెట్‌కి 30 పౌండ్ల పరిమితి ఉంది.

ఏ స్టాండ్‌లో సీట్లు తీసుకోవాలి?

కుటుంబ స్టాండ్ ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. పిల్లల ధరలు తగ్గేది చాలావరకు అక్కడే, బూతులూ తక్కువే. అది లేకపోతే మైదానం పొడవునా ఉండే వైపు, కాస్త ఎత్తులో. గోల్ వెనక సీట్లు చౌకే కానీ పాటలు పాడే అభిమానులంతా అక్కడే ఉంటారు, మ్యాచంతా నిలబడే ఉంటారు. చిన్నపిల్లలకు ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించదు.

టికెట్లు అయిపోయాయి. బయట ఎవరో అమ్ముతున్నారు, కొనొచ్చా?

వద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. నకిలీ టికెట్ అయితే గేటు దగ్గర పిల్లల ముందే ఆపేస్తారు. నిజమైనదే అయినా అది అవతలి జట్టు అభిమానుల మధ్య సీటు కావచ్చు. మీ పిల్లాడి స్కార్ఫ్ రంగు చూసి బయటికి పంపేస్తారు. క్లబ్ వెబ్‌సైట్‌లోనే తిరిగి అమ్మే విభాగం ఉంటుంది, రాలేని అభిమానులు తమ సీట్లు అక్కడ పెడతారు. మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందు అక్కడ చూస్తూ ఉండండి.

ప్రపంచకప్‌కి ఒక్కసారైనా తీసుకెళ్లాలని ఉంది. అది ఖర్చుకు తగినదేనా?

ఖర్చుకు తగిన వినోదమన్న లెక్కలో చూస్తే కాదు. 48 జట్లు, 104 మ్యాచ్‌లతో జరిపే 2026 ప్రపంచకప్‌కి ఫీఫా గిరాకీని బట్టి మారే ధరలు పెట్టింది. విమానం, బస కలిపితే అది కుటుంబం మొత్తానికి కొన్నేళ్ల పొదుపు. జీవితకాలపు కోరిక అయితే వెళ్లండి, దాన్ని ఇతర వినోదాలతో పోల్చకండి. మొదటి గ్రూప్ దశలో అంతగా పేరులేని జట్ల మ్యాచ్ ఎంచుకుంటే టికెట్ భారం తగ్గుతుంది.

## పిల్లల విషయంలో

ఏ వయసు నుంచి తీసుకెళ్లొచ్చు?

వయసు కంటే ఓపిక ముఖ్యం. 45 నిమిషాలు ఒకచోట కూర్చోగలిగితే చాలు. చాలామంది పిల్లలకు అది ఆరేడేళ్లకు వస్తుంది. అంతకంటే చిన్నవాళ్లతో వెళ్తే నడవా పక్క సీట్లు తీసుకోండి. చంటిపిల్లలకూ టికెట్ ఉండాలన్న నిబంధన కొన్ని క్లబ్బుల్లో ఉంటుంది, కొనే ముందు చూసుకోండి.

బూతులు, తాగి గొడవ చేసేవాళ్ల సంగతేంటి?

బూతులు వినిపిస్తాయి, దాన్ని దాచడం అనవసరం. "ఇక్కడ వినేవి ఇక్కడే వదిలేయాలి" అని ముందే చెప్పుకుంటే పిల్లలు అర్థం చేసుకుంటారు. తాగుడు విషయంలో దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ఇంగ్లండ్‌లో 1985 చట్టం ప్రకారం ప్రధాన లీగ్‌ల స్టేడియాల్లో మైదానం కనిపించే చోట మద్యం తాగకూడదు. ఇబ్బందిగా అనిపిస్తే పక్కనే ఉండే స్టీవర్డ్‌కి (స్టేడియం సిబ్బందికి) చెప్పండి, ఇంకో చోటికి మారుస్తారు. స్థానిక ప్రత్యర్థుల మధ్య జరిగే డెర్బీలకు, రాత్రి మ్యాచ్‌లకు చిన్నపిల్లలతో వెళ్లకపోవడమే మంచిది.

శబ్దానికి పాప భయపడుతుందేమో?

గోల్ పడినప్పుడు శబ్దం వంద డెసిబెల్స్ దాటడం మామూలే. చెవులకు పెట్టే ఇయర్ డిఫెండర్లు ముందే కొని ఇంట్లో అలవాటు చేయండి. ప్రయాణంలోనూ పనికొస్తాయి.

మా ఆవిడకి, పెద్దమ్మాయికి ఫుట్‌బాల్ అంటే బొత్తిగా ఇష్టం లేదు. బలవంతంగా తీసుకెళ్లాలా?

ఒక్కసారి రమ్మని అడగండి, అంతే. నలుగురి టికెట్లు కొని ఇద్దరు ఫోన్లు చూస్తూ కూర్చుంటే ఆ రోజు తలసరి ఖర్చు రెట్టింపైనట్టే. కుటుంబ వినోదం అంటే ప్రతిసారీ కుటుంబమంతా ఉండాలన్న నియమం ఏమీ లేదు. తండ్రీ చిన్నవాడూ మ్యాచ్‌కి, తల్లీ పెద్దమ్మాయీ నాటకానికో కచేరీకో వెళ్లినా అందరూ సంతోషంగానే ఇంటికొస్తారు. పైగా సాయంత్రం చెప్పుకోవడానికి రెండు కబుర్లుంటాయి.

## మ్యాచ్ రోజున

ఎంత ముందు చేరుకోవాలి?

పిల్లలతో అయితే గంట ముందు. సెక్యూరిటీ తనిఖీకి తొందర ఉండదు, టాయిలెట్ల దగ్గర జనం ఉండరు. ఆటగాళ్లు వార్మప్‌కి వచ్చినప్పుడు కింది వరుసల దాకా వెళ్లి చూడొచ్చు, తర్వాత మీ సీటుకు వచ్చేయొచ్చు. దీనికి అదనంగా ఒక్క పైసా కట్టక్కర్లేదు. పిల్లలకు చాలాసార్లు ఇదే మ్యాచ్ కంటే ఎక్కువ గుర్తుంటుంది.

లోపల ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

కడుపు నింపుకుని వెళ్లండి. బయటి తిండి అనుమతిస్తారో లేదో క్లబ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. జెర్సీ ప్రతి సీజన్ మారుతుంది కాబట్టి పిల్లలకు స్కార్ఫ్ కొనండి. అది ఏళ్లపాటు పనికొస్తుంది, పొట్టి అయిపోదు.

రద్దీ తప్పించుకోవడానికి పది నిమిషాల ముందే బయల్దేరొచ్చా?

బయల్దేరొచ్చు, కానీ డబ్బుకు విలువ అడిగేవాళ్లు చేయకూడని పని అదే. ఈమధ్య రిఫరీ చివర్లో కలిపే సమయం కూడా బాగా పెరిగింది. ఆఖరి పది నిమిషాల్లో ఓడిపోతున్న జట్టు అన్నీ వదిలేసి ముందుకు దూకుతుంది. చివరి దాకా ఉండి, ఆ తర్వాత సీట్లలోనే ఇరవై నిమిషాలు కూర్చోండి. జనం అప్పటికి పల్చబడతారు.

## నాలుగైదు మ్యాచ్‌లు చూశాక

సీజన్ టికెట్ తీసుకుంటే లాభమేనా?

లీగ్‌ని బట్టి లెక్క మారుతుంది. 20 జట్ల లీగ్‌లో సొంత మైదానంలో 19 మ్యాచ్‌లు, జర్మనీలా 18 జట్లుంటే 17, ఇంగ్లండ్ రెండో డివిజన్‌లా 24 జట్లుంటే 23. సీజన్ టికెట్ ధరను ఆ సంఖ్యతో కాదు, మీరు నిజంగా వెళ్లగలిగే మ్యాచ్‌ల సంఖ్యతో భాగించండి. పరీక్షలు, పెళ్లిళ్లు, జ్వరాలు అన్నీ తీసేయండి. టీవీ కోసం మ్యాచ్ తేదీలు మార్చడం పెద్ద లీగ్‌ల్లో ఎక్కువ, శనివారం మధ్యాహ్నం అనుకున్నది సోమవారం రాత్రికి పోతుంది. ఆ రాత్రి బడిపిల్లలతో వెళ్లడం కుదరదు. వచ్చే మొత్తం విడి టికెట్ ధర కంటే తక్కువుంటేనే కొనండి. వెళ్లలేని రోజు సీటును క్లబ్ ద్వారా తిరిగి అమ్ముకునే వీలుందో లేదో కూడా అడగండి.

ఏటా ధర పెంచుతూనే ఉన్నారు. అభిమానులు ఏమైనా చేయగలరా?

చేయగలరు, చేశారు కూడా. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్ కొత్త స్టాండ్‌లో 77 పౌండ్ల టికెట్ పెట్టబోతే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషాన వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. వాళ్లు వెళ్లిపోయాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టింది, మ్యాచ్ డ్రా అయింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకున్నారు. మీ క్లబ్‌లో అభిమానుల సంఘం ఉంటే చేరండి, కుటుంబ టికెట్ల గురించి మాట్లాడండి. అలాంటి సమావేశాల్లో పిల్లల తల్లిదండ్రుల గొంతు తక్కువగా వినిపిస్తుంది, అది మారాలి.

మా జట్టు ఓడిపోయింది, మావాడు దారంతా ఏడ్చాడు. మళ్లీ తీసుకెళ్లాలా?

తీసుకెళ్లండి. ఏడ్చాడంటే అది వాడి జట్టు అయిపోయినట్టే. ఆ రాత్రి ఓదార్పు మాటలు ఎక్కువ చెప్పకండి, "ఆటే కదా" అని అస్సలు అనకండి. రెండు రోజులాగి తర్వాతి మ్యాచ్ ఎవరితో ఉందో వాడినే చూడమనండి. పట్టికలో జట్టు ఏ స్థానంలో ఉంది, ఇంకెన్ని మ్యాచ్‌లున్నాయి అని వాడే లెక్కలు వేయడం మొదలుపెడితే టికెట్లు కొనేయండి. ఆసక్తి చూపకపోతే ఈ సీజన్‌కి వదిలేసి, ఆ డబ్బుతో ఒక మంచి బంతి కొనిపెట్టండి.